కుక్కకు విసిరిన ముక్క



ఈ సంచికలో మేము ఒక చిన్న పురుగును గురించి రాస్తున్నాము. అది వడ్లగింజంత పొడవు కూడా ఉండదు. కానీ మనిషి కాలేయంలో అది కట్టుకునే ఇల్లు కొబ్బరికాయంత పెరగగలదు. దీన్ని గురించి రాయాలని మాకు తోచడానికి కారణం మా వార్డులో ఒక తల్లి అడిగిన ప్రశ్న. ఆమె ఎవరో తెలియకుండా వివరాలు కొంచెం మార్చి చెబుతున్నాము.

ఆమెది కోటప్పకొండకు దగ్గరలోని ఒక పల్లె. ఇంట్లో గొర్రెల మంద ఉంది. కుడి డొక్క కింద బరువుగా ఉందని రెండేళ్లుగా గ్యాస్ మాత్రలు కొనుక్కొని మింగుతూ వచ్చింది. చివరికి చేయి పెట్టి చూస్తే గట్టిగా తగులుతోందని మా ఓ.పి.కి వచ్చింది. స్కానింగ్ తీస్తే కాలేయంలో బత్తాయి పండంత నీటి తిత్తి కనపడింది. డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి, "ఇది గొర్రెల్లో ఉండే తిత్తి లాంటిదేనమ్మా, హైడాటిడ్ అంటారు" అని చెప్పారు.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టరును ఆమె దగ్గరకు పిలిచింది. "సిస్టరమ్మా, నేను పెళ్లికి ముందు నుంచీ నీసు ముట్టను. కార్జం కాదు గదా, కోడిగుడ్డు కూడా ఎరగను. గొర్రె జబ్బు నాకెట్టా వచ్చింది?" అని అడిగింది.

మా సిస్టరు వెంటనే జవాబు చెప్పలేకపోయింది. మరునాడు ఆ మాట మా అందరి ముందు పెట్టినప్పుడు, మాలోనే సగం మంది "మాంసం సరిగ్గా ఉడకకుండా తింటే వస్తుంది" అనే అనుకుంటున్నామని తెలిసింది. అది తప్పు. నర్సులమైన మాకే ఈ పొరపాటు ఉంటే ఇళ్లలో ఎంతమందికి ఉంటుందో! అందుకే ఈ వ్యాసం.

మధ్యలో ఉన్నది కుక్క

ఈ జబ్బు తెచ్చే పురుగు ఒక రకం బద్దెపురుగు. శాస్త్రజ్ఞులు దానికి ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్ అని పేరు పెట్టారు. పెద్దయిన పురుగు కుక్క చిన్నప్రేగులో ఉంటుంది. పొడవు 2 నుంచి 7 మిల్లీమీటర్లు. ఒక్క కుక్కలో వందలు, వేలు ఉన్నా ఆ కుక్క మామూలుగానే తిరుగుతుంది, తింటుంది, తోక ఊపుతుంది. చూసి గుర్తుపట్టలేము.

పురుగు గుడ్లు కుక్క మలంతో బయటికి వస్తాయి. కంటికి కనపడనంత చిన్నవి. గడ్డి మీద, మట్టిలో, నీళ్లలో పడతాయి. కుక్క ఒంటిని నాక్కున్నప్పుడు దాని బొచ్చుకూ అంటుకుంటాయి. గొర్రె ఆ గడ్డి మేస్తే గుడ్డు గొర్రె కడుపులోకి పోతుంది. మనం కుక్కను నిమిరి, చేయి కడుక్కోకుండా అన్నం తింటే మన కడుపులోకి పోతుంది. గొర్రెలో గానీ మనిషిలో గానీ ఆ గుడ్డు మళ్లీ పురుగు కాదు. నీటి తిత్తి అవుతుంది. ఆ తిత్తి ఉన్న కార్జాన్నో ఊపిరితిత్తినో కుక్క తింటే, అందులోని పిల్ల తలలు కుక్క ప్రేగులో మళ్లీ పురుగులవుతాయి.

అంటే కుక్క నుంచి గొర్రెకు, గొర్రె నుంచి కుక్కకు ఈ చక్రం తిరుగుతూ ఉంటుంది. మనిషి ఆ చక్రంలో అనుకోకుండా చిక్కుకున్నవాడు. మాంసం ముట్టని ఆ తల్లికి జబ్బు రావడంలో వింత లేదు. మంద వెంట తిరిగే కుక్కలకు రోజూ సంగటి ముద్ద పెట్టింది ఆమె చేతులే.

ఈ సంగతి ఎలా తెలిసింది?

గొర్రె కార్జంలో నీటి తిత్తులు ఉంటాయని మనుషులకు వేల ఏళ్లుగా తెలుసు. కానీ అవి ఎక్కడి నుంచి వస్తాయో తెలియలేదు. ఒంట్లో నీరు చెడి అలా అవుతుందని అనుకునేవారు. నిజం తేలింది ప్రయోగశాల జంతువుల వల్ల.

జర్మన్ శాస్త్రజ్ఞుడు సీబోల్డ్ 1852-53 ప్రాంతంలో పశువుల తిత్తుల్లోని పదార్థాన్ని కుక్కలకు తినిపించాడు. కొన్ని వారాల తర్వాత వాటి చిన్నప్రేగులు తెరిచి చూస్తే ప్రేగు గోడకు అంటుకొని లెక్కలేనన్ని చిన్న బద్దెపురుగులు కనిపించాయి. తిత్తి, పురుగు వేర్వేరు కావని, ఒకే జీవికి రెండు రూపాలని అప్పుడు తేలింది.

తరువాత వంతు పందిపిల్లలది. మరో జర్మన్ శాస్త్రజ్ఞుడు లూకార్ట్ ఈ పురుగు గుడ్లను పందిపిల్లలకు తినిపించి, వారాల తేడాతో వాటి కాలేయాలను పరిశీలించాడు. నాలుగు వారాలకు కాలేయం మీద చిన్న చిన్న తెల్లని పొక్కులు మాత్రమే ఉన్నాయి. సుమారు ఐదు నెలలకు అవి ఒక సెంటీమీటరు దాకా పెరిగాయి. ఈ తిత్తి ఎంత నిదానంగా పెరుగుతుందో మొదట ఆ పందిపిల్లల కాలేయాలే చెప్పాయి. ఈనాడు మేము రోగులతో "ఇది నిన్న మొన్న వచ్చింది కాదు, ఎన్నో ఏళ్ల క్రితం, బహుశా చిన్నతనంలోనే వచ్చి ఉంటుంది" అని చెప్పేది ఆ జ్ఞానంతోనే.

ఇక మనిషిలో ఉన్న తిత్తీ అదేనా? 1863లో జర్మనీలో నౌనిన్, ఐస్‌లాండ్‌లో క్రాబే, ఫిన్సెన్ అనే వైద్యులు మనిషి నుంచి తీసిన తిత్తిని కుక్కలకు తినిపించి చూశారు. వాటి ప్రేగుల్లోనూ అవే పురుగులు తయారయ్యాయి. అనుమానం తీరిపోయింది.

కాలేయంలో, ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతుంది?

గుడ్డు కడుపులోకి పోయాక చిన్నప్రేగులో దాని పెంకు కరుగుతుంది. లోపలి నుంచి ఆరు కొక్కేలున్న చిన్న పిండం బయటపడుతుంది. ఆ కొక్కేలతో ప్రేగు గోడను తొలుచుకొని రక్తనాళంలోకి దిగుతుంది. ప్రేగుల నుంచి వచ్చే రక్తమంతా ముందుగా కాలేయానికే చేరుతుంది. కాలేయం మొదటి జల్లెడ. చాలా పిండాలు అక్కడే చిక్కుకుంటాయి. దాన్ని దాటినవి గుండె మీదుగా ఊపిరితిత్తులకు పోతాయి. అది రెండవ జల్లెడ. అందుకే వందమంది రోగులను తీసుకుంటే సుమారు డెబ్బై మందికి తిత్తి కాలేయంలో, ఇరవై మందికి ఊపిరితిత్తుల్లో ఉంటుంది. ఈ రెంటినీ దాటిన కొద్దిపాటి పిండాలు మూత్రపిండాలకు, ప్లీహానికి, ఎముకలకు, మెదడుకు, గుండెకు కూడా చేరవచ్చు.

చిక్కుకున్న పిండం నీటి బుడగలా ఉబ్బుతుంది. దాని గోడలో రెండు పొరలు ఉంటాయి. లోపలి పొర పలుచనిది, పిల్ల తలలను పుట్టించేది అదే. దాని మీద ఉడికించిన గుడ్డు తెల్లసొన లాంటి మందపాటి పొర ఉంటుంది. వీటి చుట్టూ మన శరీరమే నారలాంటి గట్టి గోడ కడుతుంది. శత్రువును బంధించాలని శరీరం చూస్తుంది. ఆ గోడ చాటున శత్రువు క్షేమంగా పెరుగుతాడు. పక్కనున్న కాలేయ కణాలు ఒత్తిడికి నలిగి ఎండిపోతాయి. పైత్యరసం పారే గొట్టం మీద తిత్తి పడితే కామెర్లు వస్తాయి. ఇంత జరుగుతున్నా ఏళ్ల తరబడి నొప్పి ఉండకపోవచ్చు. కాలేయంలో సగం పోయినా మిగతా సగం పని లాక్కొస్తుంది గనుక మనిషికి తెలియదు.

తిత్తి లోపలి నీరు స్వచ్ఛంగా ఉంటుంది. అడుగున సన్నని ఇసుకలాంటిది పేరుకుంటుంది. దాన్ని 'హైడాటిడ్ ఇసుక' అంటారు. ఆ ఇసుకలో వేల పిల్ల తలలు ఉంటాయి.

ఆ ఇసుక ఎంత ప్రమాదమో చూపించినవి కుందేళ్లు. ఫ్రాన్సు దేశంలో రువాన్ నగరానికి చెందిన డాక్టర్ దేవే ఆ ఇసుకను కుందేళ్ల కడుపు కుహరంలోకి ఎక్కించాడు. అక్కడ పడిన పిల్ల తలలు ఒక్కొక్కటీ కొత్త తిత్తిగా మారడం చూశాడు. 1901లో దీన్ని ప్రకటించాడు. అంటే లోపల తిత్తి పగిలితే ఒక జబ్బు పది జబ్బులవుతుందన్న మాట. పైగా ఆ నీరు ఒక్కసారిగా రక్తంలో కలిస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక, బి.పి. పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసే నర్సులకు ఆ కుందేళ్ల పాఠం నిత్యపాఠం. తిత్తిని తెరిచే ముందు దాని చుట్టూ చిక్కటి ఉప్పునీటిలో తడిపిన గుడ్డలు పరచాలి. పిల్ల తలలు ఆ ఉప్పునీటికి చస్తాయి. ఒక్క చుక్క కూడా కడుపులో ఒలకకూడదు. వార్డులోనూ అంతే. ఇలాంటి రోగి కడుపును చూసేవారంతా నొక్కి చూడకూడదని మేము కేసు షీటు మీద రాసి పెడతాము. చూడవచ్చిన బంధువులు "ఏదీ, ఎక్కడుంది గడ్డ?" అని నొక్కబోతే మేము కోప్పడేది అందుకే. నొచ్చుకోకండి.

మందు కూడా జంతువుల దయే. 1974లో హీత్, షెవిస్ అనే శాస్త్రజ్ఞులు, తిత్తులు పెంచిన ఎలుకలకు మెబెండజోల్ అనే నులిపురుగుల మందు ఇచ్చి చూస్తే ఆ తిత్తులు దెబ్బతిన్నాయి. అంతవరకు ఈ జబ్బుకు కత్తి తప్ప మందు లేదు. ఆ దారిలోనే 1980 దశకంలో అంతకంటె బాగా పనిచేసే ఆల్బెండజోల్ మనుషులకు వాడుకలోకి వచ్చింది. ఈ రోజు మా వార్డులో రోగి మింగే మాత్ర వెనుక ఆ చిన్న ఎలుకల ప్రాణాలు ఉన్నాయి. వాటి ద్వారా తెలిసినదాన్ని మనం వాడుకోకపోతే అవి ఊరికే చచ్చినట్లే.

మన దగ్గర ఈ జబ్బు ఉందా?

ఉంది. మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కనపడే చోట్లలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు పేర్లు ముందు వరుసలో ఉంటాయి. డాక్టర్ సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి, ఆయన తోటి వైద్యులు కర్నూలు ప్రాంతంలో ఈ జబ్బును పరిశీలించి రాసిన వ్యాసం 1968లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో అచ్చయింది. ఇది కొత్తగా వచ్చిపడిన జబ్బు కాదు. మన గొర్రెలతో, మన కుక్కలతో ఎప్పటి నుంచో ఉన్నదే.

2019 పశుగణన ప్రకారం మన రాష్ట్రంలో గొర్రెలు సుమారు 1 కోటి 76 లక్షలు. తెలంగాణ తరువాత దేశంలో రెండవ స్థానం మనదే. పల్నాడులో గొర్రెల మంద లేని ఊరు అరుదు. మంద ఉన్నచోట కుక్క ఉంటుంది. ఆ రెండూ ఉన్నంత మాత్రాన జబ్బు రాదు. వాటి మధ్య తిత్తి ఉన్న ముక్క చేతులు మారితేనే వస్తుంది. ఆ ముక్కను మార్చేది మనమే.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ తల్లి మా వార్డులో ఉన్న రోజుల్లోనే ఒక ఊళ్లో సంఘ విందు జరిగింది. చెట్టు కింద రెండు వేటలు కోశారు. ఒక పొట్టేలు ఊపిరితిత్తి మీద నిమ్మకాయంత తెల్లని బుడగలు రెండు ఉన్నాయి. కోసే ఆయన దాన్ని చేతిలోకి తీసుకొని చూసి, "ఇది పనికిరాదులే" అని పక్కన కాచుకొని ఉన్న కుక్కలకు విసిరేశాడు. పిల్లలు నవ్వుతూ చూస్తున్నారు. మా సిస్టర్లు ఇద్దరు అక్కడే అరిటాకులు కడుగుతున్నారు. ఇద్దరూ చూశారు. ఇద్దరూ ఏమీ అనలేదు. పొద్దుటి నుంచి అదే జబ్బుకు మందులిచ్చి వచ్చిన చేతులవి! "అందరి ముందు పెద్దాయనకు చెబితే ఏమనుకుంటారో అని ఊరుకున్నాము" అని తర్వాత చెప్పి బాధపడ్డారు.

కోసిన ఆయన చెడ్డవాడు కాదు. మనుషులు తినకూడదని పక్కన పడేశాడు. అది మంచి బుద్ధే. కానీ ఆ ముక్క మనిషి తింటే ఈ జబ్బు వచ్చేది కాదు. కుక్క తింటేనే వస్తుంది. మనం జాగ్రత్త అనుకొని చేసిన పనే ఆపద తెచ్చిపెడుతోంది. ఈ వ్యాసంలో ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి.

లక్షణాలు ఎలా ఉంటాయి?

• కాలేయంలో ఉంటే: కుడి డొక్క కింద బరువు, మందమైన నొప్పి, చేతికి తగిలే గడ్డ, వికారం, కొందరికి కామెర్లు.
• ఊపిరితిత్తిలో ఉంటే: మానని దగ్గు, ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లెలో రక్తపు చార. తిత్తి పగిలితే ఉప్పటి నీరు, ద్రాక్షపండు తొక్క లాంటి పొరలు దగ్గుతో పడతాయి.
• ఏ లక్షణమూ లేకుండా వేరే పనికి తీసిన స్కానింగ్‌లో బయటపడటం కూడా ఎక్కువే.

కడుపు స్కానింగ్, ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్షతో దీన్ని గుర్తిస్తారు. గడ్డ కనపడగానే ఎవరో ఒకరితో సూది పొడిపించి నీరు తీయించుకోవడం మాత్రం ప్రాణాపాయం. సూదితో చేసే వైద్యం ఉంది. కానీ అది స్కానింగ్‌లో చూస్తూ, ముందు నుంచి మాత్రలు వాడించి, ఆపద వస్తే ఆదుకునే ఏర్పాట్లన్నీ ఉన్న పెద్ద ఆస్పత్రిలో, ఆ పని నేర్చిన డాక్టరు చేయవలసినది.

తిత్తి ఎంత ఉంది, ఎక్కడ ఉంది, బతికి ఉందా, ఎండిపోయిందా అన్నదాన్ని బట్టి వైద్యం నిర్ణయిస్తారు. కొందరికి మాత్రలు చాలు. కొందరికి సూది, కొందరికి ఆపరేషన్. ఎండి సున్నం పట్టిన తిత్తిని ఏమీ చేయకుండా అప్పుడప్పుడు స్కానింగ్ చూస్తూ ఉంటే సరిపోతుంది. మాత్రలు నెలల తరబడి వాడాలి. నూనె, నెయ్యి ఉన్న అన్నంతో వేసుకుంటే మందు ఒంటికి బాగా పడుతుంది. మధ్యమధ్య కాలేయం, రక్తకణాల పరీక్షలు చేయించుకోవాలి. గర్భిణీలు, గర్భం అనుమానం ఉన్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి.

మనం చేయవలసినవి

1. వేట కోసినప్పుడు కార్జం, ఊపిరితిత్తులు చూడండి. నీటి బుడగలు కనపడితే ఆ అవయవాన్ని ఏ కుక్కకూ వేయకండి. బుడగను పొడవకండి.
2. కుక్కలు తవ్వలేనంత లోతు గొయ్యి తీసి పాతిపెట్టండి. పైన రాళ్లు, కంప వేయండి. లేదా పూర్తిగా కాల్చివేయండి.
3. కుక్కకు పెట్టాలనుకుంటే ఏ అవయవాన్నైనా అరగంటకు పైగా మరగించి ఉడికించి పెట్టండి. పచ్చిది వద్దు.
4. మందలో గొర్రె చచ్చిపోతే పొలం గట్టున వదిలేయకండి. పాతిపెట్టండి.
5. మంద కుక్కకు, పెంపుడు కుక్కకు పశువుల డాక్టరును అడిగి ప్రాజిక్వాంటెల్ మందు వేయించండి. పురుగు గుడ్లు పెట్టడానికి సుమారు ఆరు, ఏడు వారాలు పడుతుంది గనుక ఆరు వారాలకు ఒకసారి వేయించడం మేలు. మందు వేసిన రెండు రోజులు దాని మలాన్ని పాతిపెట్టండి. ఆ మందు పురుగును చంపుతుంది గానీ గుడ్లను చంపదు.
6. కుక్కను ముట్టుకున్నాక, మంద పని చేశాక, అన్నం ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. పిల్లల చేత ముఖ్యంగా కడిగించండి. కుక్క చేత మూతి నాకించుకోనివ్వకండి.
7. ఆకుకూరలు, పచ్చివి తినే కాయలు రెండు మూడు నీళ్లలో కడగండి. కుక్కలు మూతి పెట్టే కుంట నీరు కాచి తాగండి.

మీరు అడిగే ప్రశ్నలు

*గొర్రె మాంసం మానేయాలా?*
అక్కరలేదు. మాంసం వల్ల ఈ జబ్బు రాదు. బాగా ఉడికించి తినండి. తిత్తులున్న అవయవాన్ని మాత్రం పారవేసే తీరు మార్చుకోండి.

*కుక్కను తరిమేయాలా?*
వద్దు. తరిమేసిన కుక్క వీధిలో అదే ముక్క తిని మళ్లీ మన గుమ్మంలోకే వస్తుంది. మందు వేయించి పెంచుకున్న కుక్కే మేలు.

*ఒకరి నుంచి ఒకరికి అంటుతుందా?*
అంటదు. రోగికి పక్క వేరుగా, కంచం వేరుగా పెట్టనవసరం లేదు. అయితే ఒకే ఇంట్లో ఒకే కుక్కతో పెరిగినవారికి కూడా వచ్చే అవకాశం ఉంది గనుక ఇంటిల్లిపాదీ ఒకసారి స్కానింగ్ చేయించుకోవడం మంచిది.

*బడిలో పిల్లలకు నులిపురుగుల మాత్ర ఇస్తున్నారు కదా, అది చాలదా?*
2015 నుంచి మన దేశంలో నులిపురుగుల దినం నాడు ఇస్తున్న మాత్ర కూడా ఆల్బెండజోలే. తప్పక వేయించండి. కానీ అది ప్రేగులోని నులిపురుగుల కోసం ఇచ్చే ఒక్క మోతాదు. కాలేయంలోని తిత్తి దానికి కరగదు.

ఒక చలి దేశం చేసి చూపించింది

ఐస్‌లాండ్ అనేది ఉత్తరాన సముద్రం మధ్యలో ఉన్న చలి దేశం. అక్కడా గొర్రెలే జీవనాధారం. మనం పైన చెప్పుకున్న డాక్టర్ క్రాబే 1863లో అక్కడ 100 కుక్కలను పరీక్షిస్తే 28 కుక్కల్లో ఈ పురుగు ఉంది. ఆయన మరుసటి ఏడు, 1864లో, ఈ జబ్బు ఎలా వస్తుందో, ఎలా తప్పించుకోవాలో ఆ ప్రజల భాషలో ఒక చిన్న పుస్తకం రాసి అచ్చు వేయించాడు. దాన్ని ఊరికే పంచిపెట్టారు. కుక్కలకు తిత్తులు అందకుండా చట్టం కూడా వచ్చింది. అప్పటికి ఈ జబ్బుకు మాత్ర లేదు, స్కానింగ్ లేదు, ఎక్స్‌రే కూడా లేదు. తిత్తిని కుక్కకు వేయకూడదన్న ఒక్క తెలివితో, ఆ తెలివిని ఇంటింటికీ చేర్చడంతో ఒకటి రెండు తరాల్లో అక్కడ జబ్బు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. న్యూజిలాండ్ కూడా కుక్కల మీద, కసాయి వ్యర్థాల మీద ఏళ్ల తరబడి శ్రద్ధ పెట్టి, 2002లో ఈ జబ్బు తమ దేశంలో లేకుండా పోయిందని ప్రకటించగలిగింది.

వాళ్లు చేయగలిగింది మనం చేయలేమా? మన దగ్గర వీధి కుక్కలు ఎక్కువ, చెట్ల కింద కోతలు ఎక్కువ, కష్టమే. కానీ ఒక్కొక్క విందు, ఒక్కొక్క గొయ్యి మన చేతిలోనే ఉంది.

ఆ తల్లికి పెద్ద ఆస్పత్రిలో ఆపరేషన్ అయింది. మాత్రలు పూర్తి చేసుకొని, పరీక్ష కోసం మా దగ్గరకు వచ్చింది. ఒళ్లు తేరుకుంది. ఈసారి మా సిస్టరు ఆమెను కూర్చోబెట్టి, జబ్బు ఎట్లా వచ్చిందో కుక్క బొమ్మ, గొర్రె బొమ్మ గీసి చెప్పింది. ఆమె చాలాసేపు ఆ కాగితం చూసింది. "అయితే మా చిన్నోడు రోజూ దాంతోనే పడుకుంటాడు గదమ్మా" అంది. మరుసటి వారం కొడుకుని స్కానింగ్‌కు తీసుకొచ్చింది. దేవుని దయవల్ల పిల్లవాడిలో ఏమీ లేదు. కుక్కకు మందు కూడా వేయించామని చెప్పింది.

ఆ తర్వాత అదే సంఘంలో మళ్లీ విందు జరిగింది. వేట కోయడానికి ముందే మా సిస్టర్లు ఇద్దరూ ఆ పెద్దాయన దగ్గరకు వెళ్లి, "తాతగారూ, ముందు గొయ్యి తీయించండి" అని చెప్పారు. ఎందుకో కూడా వివరించారు. ఆయన కోప్పడలేదు. "ఇన్నేళ్లు కోస్తున్నా, ఈ మాట ఒక్కరూ చెప్పలేదే" అని, మనవడి చేతికి పలుగు ఇచ్చాడు.

రాబోయే పండుగకు, పెళ్లికి, కోటప్పకొండ తిరునాళ్లకు వచ్చే చుట్టాల విందుకు మీ ఇంట్లో వేట కోస్తే, కత్తి తీసే ముందు పలుగు తీయండి. మీకు తెలిసిన ఈ సంగతి పక్కింటివారికి చెప్పండి. మేము ఆలస్యంగా నోరు విప్పాము. మీరు ఆలస్యం చేయకండి.